అశ్వపోషణము

క్రీ. శ. 13వ శతాబ్దము చివరిభాగమున వెనీసు నగరవాసియైన మార్కోపోలో దక్షిణ భారతదేశపు తీరమునకు వచ్చెను. మన మోటుపల్లి రేవును గూర్చియు, ఆ దేశము నేలిన రాణిని గూర్చియు ప్రశంసించి వ్రాసిన యాత్రికు డాతడే. తమిళదేశమున పాండ్యరాజుల గుఱ్ఱపుశాలలను గూర్చి ఆతడు వ్రాసిన సంగతి మిక్కిలి ఆశ్చర్యము గొలుపును. అరేబియా, పారశీక దేశములనుండి ఓడలమీద వచ్చు గుఱ్ఱములను ఆ రాజు లొక్కొక్కరు ఏటేట 2,000కు పైబడి కొనుచుండిరట. ఏడాది తిరిగి వచ్చునప్పటికి వానిలో నూరైనను మిగులుచుండెడివి కావట. అవి యుద్ధములలో కూలినవి కావు, శాలలలోనే చచ్చినవి. గుఱ్ఱములను సాకుట తెలిసినవారు ఆ దేశమున లేకపోవుటయే యిందులకు కారణమని మార్కోపోలో తలచెను. అచ్చట గుఱ్ఱములకు వండిన అన్నమును మాంసమును పెట్టుచుండిరనియు, గుఱ్ఱపు వైద్యులు ఆ దేశమునకు పోకుండ వర్తకులే అడ్డుపడుచుండిరనియు కూడ వ్రాసెను. గుఱ్ఱములు చచ్చినకొలదిని వారికి బేరము పెరుగును గదా!

గుఱ్ఱములకై మన రాజులు చేసిన వ్యయము అంతింత కాదు. గణపతిదేవ చక్రవర్తి 1244–45లో మోటుపల్లియందు వేయించిన అభయశాసనమున, ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకులను పూర్వపు రాజులు లాగికొనుచుండిరని యున్నది. ఆ సరకులలో ఏనుగులు, రత్నములతోపాటు గుఱ్ఱములును పేర్కొనబడినవి. విజయనగరము నేలిన సాళువ నరసింహరాయలు సముద్రముమీద చచ్చిన గుఱ్ఱమునకుకూడ, దాని తోకను తెచ్చి చూపినచో, బ్రదికియున్న గుఱ్ఱముతో సమానముగ వెల యిచ్చుచుండెనని న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియున్నాడు.

ఇంత ధనము పోసి కొన్న జంతువు కట్టుకొయ్యవద్దనే ఏల చచ్చుచుండెను? సముద్రతీరపు ఉక్క కొంత కారణము కావచ్చును. కాని అసలు కారణమును గుఱ్ఱపు కడుపులో వెదకవలెను.

గుఱ్ఱము పచ్చికబయళ్ళలో పెరిగిన జాతి. స్వేచ్ఛగా తిరుగునప్పుడు అది రోజునకు పదునాలుగు, పదునారు గంటలసేపు కొంచెము కొంచెముగ మేయుచునే యుండును. ఎద్దునకువలె దానికి నాలుగు అరల పొట్ట లేదు. అది నెమరు వేయదు. 450 కిలోగ్రాముల బరువుగల గుఱ్ఱమునకు జీర్ణకోశము 8 మొదలు 15 లీటర్లవఱకు మాత్రమే పట్టును. అంత దేహమునకు అది చిన్నసంచియే. ఆ సంచిలో ఆమ్లము రాత్రింబగళ్ళు ఊరుచుండును. నోటిలో లాలాజలము మాత్రము నమలునప్పుడే ఊరును. గడ్డి నమలినంతసేపును లాలాజలము లోనికి దిగి ఆమ్లముయొక్క తీవ్రతను తగ్గించుచుండును. ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి గంపెడు దాణా పెట్టి, తక్కిన కాలమంతయు వట్టిమూతితో కట్టివేసినచో, ఆ ఆమ్లమే జీర్ణకోశపు గోడలను తిని పుండ్లు పుట్టించును. మనుష్యుని భోజనవేళలు గుఱ్ఱమునకు సరిపడవు.

గడ్డిలోని పీచు జీర్ణమగు చోటు వేఱు. సుమారు 20 మీటర్ల చిన్నప్రేగును దాటిన పిమ్మట 30 లీటర్లు పట్టు అంధనాళమును, దానికంటెను విశాలమైన పెద్దప్రేగును ఉన్నవి. అచ్చట కోట్లకొలది సూక్ష్మజీవులు చేరి పీచును పులియబెట్టి ఆహారముగ మార్చును. ఈ సూక్ష్మజీవులు అలవాటైన మేతకే పనిచేయును. నిన్నటివఱకు గడ్డి తినుచున్న గుఱ్ఱమునకు నేడు హఠాత్తుగ బస్తాలోని ధాన్యము పెట్టినచో ఆ సూక్ష్మజీవులలో కొన్ని చచ్చును, మఱికొన్ని మితిమీరి పెరుగును. వాయువు పుట్టి ప్రేగులు ఉబ్బును. కావుననే మేత మార్చవలసినప్పుడు వారము పదిరోజులపాటు పాతదానిలో క్రొత్తదానిని కొద్దికొద్దిగ కలుపుచు పోవలెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. కుక్కగాని, పిల్లిగాని సరిపడనిది తినినచో కక్కివేయును. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. జీర్ణకోశపు ముఖద్వారమున నున్న కండరము అంత బలముగ మూసికొనియుండును. లోనికి పోయినది ముందునకే పోవలెను, పోనిచో ప్రాణాపాయమే.

మన దేశమున గుఱ్ఱపు దాణా యనగానే ఉలవ గుగ్గిళ్ళు జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లీషువారి భాషలో ఉలవల పేరులోనే గుఱ్ఱ మున్నది. ఉడికించిన ఉలవలు బలకరమైన ఆహారమే. కాని దాణా గుఱ్ఱమునకు కూరవంటిది, గడ్డియే అన్నము. దేహపు బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండు పాళ్ళవఱకు, అనగా 450 కిలోగ్రాముల గుఱ్ఱమునకు దినమునకు 7 మొదలు 9 కిలోగ్రాములవఱకు ఎండుమేత కావలెను. చేయు పనినిబట్టి దాణా చేర్చవచ్చును గాని, ఒక్కసారికి రెండు కిలోగ్రాములకు మించి పెట్టరాదు. బూజు పట్టిన గడ్డి ఎంత చౌకగ దొరికినను కొనరాదు. దినమునకు 25 మొదలు 40 లీటర్ల నీరును, ఎండకాలమున పనిచేయు గుఱ్ఱమునకు ఇంకను ఎక్కువయు కావలెను. చెమటతోపాటు ఉప్పుకూడ పోవును కనుక శాలలో ఉప్పుగడ్డ నొకదానిని నాకుటకు వీలుగ ఉంచుట మంచిది.

గుఱ్ఱమునకు వచ్చు కడుపునొప్పిని పూర్వులు శూల యనిరి. గుఱ్ఱములను ఎక్కువగ బలిగొను ఆపదలలో ఇది మొదటి వరుసలోనిది. నొప్పి వచ్చినప్పుడు గుఱ్ఱము తన డొక్కవైపు మాటిమాటికి తిరిగి చూచును. ముంగాలితో నేలను గోకును. పండుకొనును, లేచును, మఱల పొరలును. లద్దె వేయుట మానును. చలువ వేళను సైతము మెడమీద చెమట పోయును. ఈ గుర్తులు కనబడిన వెంటనే మేతను తీసివేసి, పొరలి దెబ్బలు తగులకుండ మెల్లగ నడిపించుచు, పశువైద్యునికి కబురు పంపవలెను. కొందఱు నూనెను, కషాయమును గొట్టముతో నోట పోయుదురు. అది ఊపిరితిత్తులలోనికి పోయి శూలకంటె ముందుగనే గుఱ్ఱమును చంపగలదు.

రోగమును త్వరగ గుర్తింపవలెనన్న ఆరోగ్యస్థితి ఎట్లుండునో ముందుగ తెలియవలెను. విశ్రాంతిగ నున్న పెద్దగుఱ్ఱపు గుండె నిమిషమునకు 28 మొదలు 40 సార్లు కొట్టుకొనును, అది 8 మొదలు 16 సార్లు ఊపిరి పీల్చును, శరీరోష్ణము 37.5 మొదలు 38.5 డిగ్రీల సెంటిగ్రేడువఱకు ఉండును. దవుడక్రింద నున్న రక్తనాళముమీద వ్రేలు మోపి నాడిని లెక్కింపవచ్చును. మంచి సాహిణి తన గుఱ్ఱముయొక్క అంకెలను దినదినమును చూచుచుండును. ఏ దినమున మారెనో ఆ దినముననే ఆతనికి తెలియును.

ఇక గిట్ట. గుఱ్ఱము నడచునది కాలికొక్క వ్రేలిమీద. ఆ వ్రేలికి తొడిగిన గోరే గిట్ట. అది మన గోళ్ళవలెనే పెరుగుచుండును. నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్లు. కావున ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకసారి దానిని చెక్కి సమము చేయవలెను. అడుగుభాగమున రబ్బరువలె నుండు త్రికోణాకారపు మెత్త యొకటి గలదు. అడుగు పడినప్పుడు అది అదరును ఓర్చుకొనును. మూత్రముతో తడిసిన నేలమీద నిలిచిన గుఱ్ఱమునకు ఈ మెత్త కుళ్ళి దుర్వాసన కొట్టును. దినమునకు ఒక్కసారియైన నాలుగు గిట్టలను ఎత్తి, రాళ్ళను, మట్టిని గీకివేయుట అందుకే.

కఠినమైన బాటలమీద గిట్ట పెరుగుదలకంటె అరుగుదల ఎక్కువ. అప్పుడు ఇనుప లాడము కావలసివచ్చును. లాడమునకు కొట్టు మేకులు స్పర్శ లేని బయటి గోడలోనే పోవలెను. ఒక్క మేకు కొంచెము లోనికి తిరిగినను గుఱ్ఱము కుంటును, చీముకూడ పట్టవచ్చును. లాడమునకు సరిపడునట్లు గిట్టను కోయువాడు పనివాడు కాడు. గిట్టకు సరిపడునట్లు లాడమును వంచువాడే పనివాడు.

గిట్టలోపల ఎముకయు, బయటి గోడయు, పుస్తకపు పుటలు ఒకదానిలో నొకటి చొప్పించినట్లు, పలుచని మడతలతో పెనవైచికొని యుండును. గుఱ్ఱపు బరువంతయు ఆ మడతలకు వ్రేలాడుచుండును. ధాన్యపు గాదెలో మూతిపెట్టి మితిమీరి తినిన గుఱ్ఱమునకు, కడుపులో పుట్టిన విషము రక్తమున కలసి, ఒకటి రెండు దినములలో ఈ మడతలను వాచునట్లు చేయును. అప్పుడు అది ముంగాళ్ళను ముందునకు చాచి, బరువంతయు వెనుకకాళ్ళమీద వేసి, కదలనొల్లక నిలుచును. తప్పు కడుపుది, నొప్పి కాలిది. వ్యాధి ముదిరినచో ఎముక మడతల పట్టు తప్పి క్రిందికి దిగును. అట్టి గుఱ్ఱము మఱల పరుగెత్తుట అరుదు.

శాల విశాలముగను, గాలి వచ్చునదిగను, నేల పొడిగను ఉండవలెను. ప్రతిదినమును గొరపముతో ఒళ్ళు తోమవలెను. తోమునప్పుడే జీనుక్రింది పుండ్లు, వాపులు చేతికి తగులును. గుఱ్ఱపు దంతములు జీవితమంతయు పైకి పొడుచుకొని వచ్చుచు అరుగుచుండును. అంచులు వాడియైనచో బుగ్గలు కోసికొనిపోయి మేత సగము నమిలి జారవిడుచును. ఏటి కొకసారి వానిని ఆకురాయితో నునుపు చేయింపవలెను.

శిక్షణమును గూర్చి చెప్పవలసిన దేమనగా, గుఱ్ఱము స్వభావమున భీరువు. పులికి ఆహారమైన జాతి యది. పారిపోవుటయే దానికి తెలిసిన రక్షణోపాయము. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది దాదాపు చుట్టును చూడగలదు. నుదురు ముందటి భాగమును, సరిగా తోకవెనుకయు మాత్రమే దానికి కనబడవు. వెనుకనుండి చప్పుడు లేక వచ్చినవానిని తన్నుట దాని దుర్మార్గము కాదు. మాటాడుచు, భుజమువైపునుండి దానిని సమీపింపవలెను. కళ్ళెమును లాగుట, మడమతో నొక్కుట మొదలగు సంజ్ఞలను గుఱ్ఱము నేర్చుకొనుట, అవి సడలినప్పుడు కలుగు సుఖమువలన. అది చెప్పినట్లు చేసిన క్షణముననే వాగెను వదలవలెను. చేసిన పిమ్మటకూడ లాగువాడు తాను చెప్పిన పాఠమును తానే చెరుపుచున్నాడు. కోపముతో గుఱ్ఱమువద్దకు పోరాదని గ్రీకుదేశీయుడైన జెనొఫోను రెండువేల మూడువందల యేండ్లకు పూర్వమే తన అశ్వశాస్త్రమున హెచ్చరించెను. పిల్లకు మూడేండ్లు రానిదే జీను కట్టుట మంచిది కాదు. వెన్నెముక ముదురుటకు ఇంకను రెండుమూడేండ్లు పట్టును. మన నిఘంటువులు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని పంచధారలుగ చెప్పిన గతులన్నియు అటుపిమ్మట నేర్పవలసినవే.

గుఱ్ఱము మనుష్యుని ఎంత సూక్ష్మముగ గమనించునో బెర్లిను నగరమున తేలినది. 1904 ప్రాంతమున హాన్సు అను గుఱ్ఱము లెక్కలు చేసి, సమాధానమును గిట్టతో తట్టి చెప్పుచున్నదని ప్రసిద్ధి కెక్కెను. ఆస్కార్ ఫుంగ్స్ట్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1907లో తన నిర్ణయమును ప్రకటించెను. ప్రశ్న యడిగినవానికి సమాధానము తెలియనప్పుడు హాన్సునకును తెలియదు. సరియైన సంఖ్య వచ్చినప్పుడు ప్రశ్నించువాని తల తనకే తెలియకుండ రవంత కదలును. గుఱ్ఱము దానిని చూచి ఆగును. హాన్సునకు లెక్కలు రావు. మనుష్యుని చదువుట వచ్చును. రౌతు గుండెలోని భయము గుఱ్ఱమునకు తెలియునన్న మాట ఉత్త మాట కాదు.

గుఱ్ఱపు రోగములలో కొన్నింటికి శాస్త్రజ్ఞులు కారణములను కనుగొనిరి. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ అనుచోట గ్రిఫిత్ ఎవాన్సు అను పశువైద్యుడు, జ్వరముతో చిక్కిపోయి చచ్చుచున్న గుఱ్ఱముల, ఒంటెల రక్తమున ఈదులాడు సూక్ష్మజీవులను చూచెను. సుర్రా అను ఆ వ్యాధికి ఇవియే కారణమని ఆతడు చెప్పగా ఆనాటి పెద్దలు పలువురు నమ్మరైరి. ఆతడే నిజము చెప్పెనని పిమ్మట రుజువయ్యెను. జోరీగ కాటు ఆ వ్యాధిని ఒక గుఱ్ఱమునుండి మఱియొకదానికి చేర్చును. శాలలో ఈగలు లేకుండ చేయుట ఉత్త శుభ్రతకొఱకే కాదు. గ్లాండర్సు అను మఱియొక రోగము మనుష్యులకుకూడ అంటును. అది నిర్ధారణయైన గుఱ్ఱమును బాధ లేకుండ చంపి పాతిపెట్టుదురు. హర్యానాలోని హిస్సారున జాతీయ అశ్వపరిశోధన కేంద్రము ఇట్టి వ్యాధులపై పనిచేయుచున్నది.

యుద్ధములు పోయి, జట్కాబండ్లు తగ్గినను గుఱ్ఱముతో మనకు పని తీరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమును మిక్కిలి కొద్ది మోతాదులతో మొదలిడి క్రమముగ పెంచుచు గుఱ్ఱమునకు ఎక్కింతురు. దాని రక్తమున ఆ విషమునకు విరుగుడు పుట్టును. ఆ రక్తమును తీసి, విరుగుడుగల ద్రవమును వేఱు చేసి, శుద్ధిచేసి మందుగ నిలువచేయుదురు. మంచి పద్ధతి నవలంబించుచోట్ల ఎఱ్ఱకణములను తిరిగి గుఱ్ఱమునకే ఎక్కింతురు. పొలమున పాము కరచిన రైతునకు ఆసుపత్రిలో వేయు సూదిమందు ఇదియే. రక్తము తీయుటకు ముందు ఆ గుఱ్ఱపు బరువును, జ్వరమును, రక్తపు పుష్టిని పరీక్షింతురు. పిమ్మట కొన్ని వారములు విశ్రాంతి నిచ్చి, పచ్చగడ్డి మేపుదురు.