మైన్ల కింద నుంచి జలాంతర్గామి ఎలా వెళ్లింది?

1914 డిసెంబరు 13. మొదటి ప్రపంచ యుద్ధం. టర్కీలోని డార్డనెల్స్ జలసంధిలో అయిదు వరసల మైన్లు. బ్రిటిష్ జలాంతర్గామి బీ-11 వాటిని దాటేసింది. ఎలా?

మైను అంటే పేలుడు పదార్థం నింపిన ఇనుప డొల్ల. దారం కట్టిన గాలిబుడగలా దాన్ని సముద్రం అడుగున ఉన్న బరువుకు తీగతో కట్టేస్తారు. నీటి పైభాగానికి కాస్త కిందే అది ఓడల కోసం కాచుకుని ఉంటుంది. దాదాపు 80 అడుగుల లోతున వెళ్తే తగలదు. అసలు ప్రమాదం తీగతోనే! జలాంతర్గామి రెక్కలకు తీగ చిక్కుకుంటే మైను కిందికి వచ్చి పేలుతుంది. అందుకే రెక్కల చుట్టూ ఉక్కు కమ్మీలు బిగించారు, తీగలు జారిపోయేలా. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ కమ్మీల ఆలోచనే.

మరో చిక్కు: బీ-11లోని పెట్రోలు ఇంజనుకు గాలి కావాలి. నీటి కింద బ్యాటరీలే దిక్కు. పైగా ఎదురు ప్రవాహం. కొత్త బ్యాటరీలు ఉన్నాయనే బీ-11ను ఎంచుకున్నారు. అది మెసూదియే అనే టర్కీ యుద్ధనౌకను టార్పెడోతో ముంచింది. అందులో ఎందరో నావికులు చనిపోయారు. దిక్సూచి మసకబారినా బీ-11 వెనక్కి రాగలిగింది.

దాన్ని నడిపిన లెఫ్టినెంట్ నార్మన్ హోల్‌బ్రుక్‌కు విక్టోరియా క్రాస్ అనే శౌర్య పతకం దక్కింది. 1915లో ఆస్ట్రేలియాలోని జర్మన్‌టన్ అనే ఊరి పేరును హోల్‌బ్రుక్‌గా మార్చారు.