అమ్మాయిల మోకాలికే ఎందుకీ దెబ్బ?

2023 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి ఇంగ్లండ్ కెప్టెన్ లియా విలియమ్సన్ దూరమైంది. బెత్ మీడ్ కూడా అంతే. ఇద్దరికీ తెగింది ఏసీఎల్, అంటే మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే లిగమెంట్.

అదే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిలకి ఈ రిస్క్ 2 నుంచి 8 రెట్లు ఎక్కువని చెప్తారు. చాలాసార్లు ఎవరూ గుద్దరు కూడా! ఎగిరి దిగేటప్పుడో, పరుగులో సడన్‌గా పక్కకి తిరిగేటప్పుడో తెగిపోతుంది.

హార్మోన్ల సంగతేంటి? ఏసీఎల్‌లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు ఉన్నాయి. అండం విడుదలయ్యే రోజుల్లో మోకాలు కొంచెం వదులవుతున్నట్టు కొన్ని స్టడీల్లో కనిపించింది. అలాగని డేట్ చూసి "ఈ వారం ఆడకు" అంటే వినకండి. వదులవడం వేరు, తెగడం వేరు. రెండోదానికి గట్టి రుజువు ఇంకా లేదు.

నాకైతే దిగే తీరే ముఖ్యం అనిపిస్తుంది. టీనేజ్‌లో టెస్టోస్టెరాన్ వల్ల అబ్బాయిలకి కండబలం గబగబా పెరుగుతుంది. అమ్మాయిలకి ఎత్తు, బరువు పెరిగినంతగా బలం పెరగదు. దాంతో దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలతాయి. ఇది మార్చుకోవచ్చు! ఫిఫా 11 ప్లస్ వార్మప్ ఫ్రీ, 20 నిమిషాలే. ఇలాంటి ట్రైనింగ్‌తో అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాలు దాదాపు సగం తగ్గాయి.

ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి, చిన్న మెట్టు మీంచి దూకండి. మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వస్తున్నాయా?