వట్టి చేతుల విడుదల



మన సంఘములో నుండి కూలిపనికి పోయిన ఒక కుటుంబమును చూచుటకు ఈ మధ్య గచ్చిబౌలి వెళ్లితిని. పాలమూరు బస్సు దిగి హైటెక్ సిటీ వైపు ఆటోలో పోవుచుండగా ఇరువైపుల అద్దాల మేడలే. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ రాళ్లగుట్టల మధ్య ఒకదాని వెంట ఒకటి లేచినవి. వాటిలో మన పిల్లలు కొందరు కంప్యూటర్ల ముందు ఉద్యోగము చేయుచున్నారు, దేవునికి స్తోత్రము. వాటిని కట్టువారు వెనుక రేకుల షెడ్లలో ఉన్నారు.

"అయ్యగారూ, మీరొచ్చిండ్రా!" అని ఆ సహోదరి సంతోషించి టీ పెట్టినది. కొంతసేపటికి మెల్లగా చెప్పినది: "క్రిస్మస్‌కు ఊరికి రాలేమయ్యగారూ. ఆయన ఆపరేషనుకు మేస్త్రీ దగ్గర 40,000 అడ్వాన్సు తీసుకున్నం. తీరేదాక కదలనియ్యరు."

కదలనియ్యరు! ఇది మా తాత నోట విన్న మాట. నిజాము కాలములో తెలంగాణ పల్లెల్లో మాల, మాదిగ, చాకలి, మంగలి, కుమ్మరి ఇండ్లవారు దొరల గడీలకు కూలి లేకుండ వెట్టి చేసిరి. పెండ్లికో తిండికో అప్పు తీసుకొన్నవాడు జీతగాడై, తన బ్రతుకులో తీరక కొడుకును కూడ అప్పగించెను. దానినే భగేలా అనిరి. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములకు హద్దు పెట్టుచు చట్టము చేసినది గాని, అది గడీ గుమ్మము దాటలేదు.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైన తరువాత పోరు రగిలినది. దాదాపు 3,000 గ్రామములలో వెట్టిని ఆపి 10 లక్షల ఎకరములు పంచితిమని ఆ ఉద్యమ నాయకులు వ్రాసియున్నారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చినది, నిజాము పాలన ముగిసినది. అయితే పారిపోయిన దొరలు చాలమంది ఆ సైన్యము వెనుకనే తిరిగివచ్చి భూములు పట్టుకొనిరి. 1951 అక్టోబరులో పోరు విరమించునాటికి ఎన్నో ప్రాణములు పోయినవి. తుపాకిని నేను సమర్థించను. కాని తుపాకిని నిందించి గడీని మరచువారితో కూడ నేను ఏకీభవించలేను. 1950 కౌలుదారీ చట్టము వలన కొందరు మేలు పొందిరి. జీతగానికి కౌలే లేదు గనుక ఆ చట్టము వానిని ముట్టలేదు. వెట్టి అను పేరు పోయినది, చేతిలో మాత్రము ఏమియు పడలేదు.

మనకు మిషనరీలను పంపిన అమెరికాలోను ఇట్లే జరిగినది. దాసులు గలవాడు మిషనరీగా ఉండవచ్చునా అను వివాదముమీద 1845లో అక్కడి బాప్టిస్టులు రెండుగా చీలిపోయిరి. మన తెలుగు మిషను ఉత్తరాదివారి వైపు నిలిచినది. దక్షిణాది బోధకులు అనేకులు ఫిలేమోను పత్రికనే చూపి బానిసత్వమును సమర్థించిరి. బోధకుడనైన నాకు ఈ సంగతి భయము పుట్టించును.

1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధములో 6 లక్షలకు పైగా సైనికులు చనిపోయిరి. దాదాపు 40 లక్షల మంది దాసులు స్వతంత్రులైరి. 1865 జనవరిలో షెర్మన్ అను సేనాధిపతి సముద్రతీరపు భూములను కుటుంబమునకు 40 ఎకరముల వరకు ఇయ్యవలెనని ఆజ్ఞాపించగా, దాదాపు 40,000 మంది ఆ నేలలో దిగి విత్తిరి. ఆ ఏడు ముగియకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వాటిని పాత యజమానులకు తిరిగి ఇప్పించెను. తరువాత మిగిలినది పాలికి దున్నుకొనుట. విత్తనమునకు, తిండికి అంగడిలో అప్పు. పంట కోసినప్పుడు లెక్క వ్రాయువాడు యజమానుడే, ఇక ఆ లెక్క ఎట్లు తేలును? ఉత్తరాది సంఘములు తెరచిన బడులు మాత్రము కొన్ని నిలిచినవి.

ద్వితీయోపదేశకాండము 15:12–14 తెరచి చూడుడి. ఏడవ ఏట దాసుని విడిచిపెట్టునప్పుడు మందలో నుండియు, కళ్లములో నుండియు, ద్రాక్షగానుగలో నుండియు వానికి ధారాళముగా ఇచ్చి పంపుమని మోషే చెప్పెను. ఎందుకనగా గింజలు లేక బయటికి పోయినవాడు మొదటి ఆకలి నెలలోనే పాత గుమ్మము తట్టును. మోషే దీనిని ఎరిగినవాడు. హైదరాబాదులోను, అమెరికాలోను శాసనములు వ్రాసినవారు దీనిని మరచిరి.

మన దేశములో 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టము కలదు. అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనియ్యక పని చేయించుట నేరము. 3 సంవత్సరముల వరకు జైలు. అట్టి అప్పు తీర్చనక్కరలేదు. కలెక్టరుకు గాని ఆర్డీవోకు గాని దరఖాస్తు ఇయ్యవచ్చును. విచారణ తరువాత వచ్చు విడుదల పత్రమును బైబిలులో పెట్టి దాచుకొనుడి, ప్రభుత్వ పునరావాస సహాయమునకు అదే ఆధారము.

మా స్త్రీల సమాజమువారు ఆదివారము తెచ్చు గుప్పెడు బియ్యమును అమ్మగా వచ్చు సొమ్మును, నిరుటి నుండి విత్తనములకు, ఆసుపత్రి ఖర్చులకు వడ్డీ లేకుండ ఇచ్చుచున్నాము. చిన్న మొత్తమే. ఈ ఏడు మేస్త్రీ ఊరికి వచ్చినప్పుడు 4 కుటుంబములు అడ్వాన్సు వద్దనిరి. 2 కుటుంబములు తీసుకొని పోయినవి. వారికి కావలసినంత మా పెట్టెలో లేకపోయినది. గచ్చిబౌలి సహోదరి దరఖాస్తు అక్కడి ఆర్డీవో కార్యాలయమునకు చేరినది. విచారణ దినమున నలుగురు పెద్దలము ఆమెతో కూడ వెళ్లుచున్నాము.