నల్లకారుపై సాలెగూడు
నల్లని కారుపై ఎండ పడగా, సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూటివంటి వలయములు కనబడును. నిజమునకవి వలయములు కావు. దుమ్ము కడుగకయే గుడ్డతో తుడుచుటచే నలుదిక్కులకు పడిన సన్నని గీతలు. వానిలో కాంతిని కంటివైపు మరల్చునవి మాత్రమే మెరయుటచే ఆ భ్రాంతి కలుగును. తెల్లరంగు తానే కాంతిని వెదజల్లును గనుక అందు గీతలు మరుగుపడును.

రంగుపైనుండు పారదర్శకపు పూత మందము సాధారణముగా సుమారు 50 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఇరువదవ వంతు. పాలిషు యంత్రము తిరుగు మెత్తతో, అల్యూమినియం ఆక్సైడు వంటి రాపిడిపొడితో, గీతల అడుగుమట్టము వరకు ఆ పూతను అరగదీయును. గీత పూడదు, చుట్టునున్న పూతయే తగ్గును. అది మరల పెరుగదు. అతినీలలోహిత కిరణములనుండి రంగును కాపాడునదియు ఆ పూతయే. కావున లోతైన గీతలను వదలివేయుట వివేకము. ముందు నీటితో దుమ్ము కడిగి, పిదప తుడుచుట అంతకన్న మేలు.