లంకెల వైఫల్యం – నివారణ: ఎమ్మిగనూరు మగ్గం నుంచి థర్మల్ కేంద్రపు ఫ్యాను వరకు

వ్యాససంగ్రహం:
ఒకచోట పుట్టిన కదలికను మరొకచోటికి చేరవేసే కడ్డీ, పిన్ను, తాడు వంటి భాగాల వరుసే యాంత్రిక లంకె. పశ్చిమ కర్నూలు ప్రాంతపు చేనేత మగ్గం, పత్తి జిన్నింగు యంత్రం ఆధారంగా థర్మల్ విద్యుత్కేంద్రాల ఫ్యాన్లలో ఈ లంకెలు ఎందుకు విఫలమవుతాయో, వాటినెలా నివారించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: లంకె, మగ్గం, జిన్నింగు, ఫ్యాను, నిర్వహణ, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
ఎమ్మిగనూరు చేనేతకు, ఆదోని పత్తి వ్యాపారానికి ప్రసిద్ధి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. గుంటమగ్గంలో నేతగాడు కాలితో చెక్కను తొక్కితే, తాళ్ల ద్వారా ఆ కదలిక పైకి చేరి పడుగు దారాలు రెండుగా విడిపోతాయి. ఆ సందులో నాడె పరుగెడుతుంది. తాడు వదులైతే సందు సరిగా తెరుచుకోదు. నాడె తగిలి దారం తెగుతుంది. అయితే ఆ లోపం ముందుగా నేతగాని కాలికే తెలుస్తుంది.

ఆదోని పరిసరాల పత్తి మిల్లుల పనికి మూలమైన రోలరు జిన్నింగు పద్ధతికి 1840లో ఫోన్స్ మెకార్తీ పేటెంటు పొందాడు. ఇందులో రోలరు దూదిని లాగుతుండగా, ఊగే కత్తి గింజను వేరుచేస్తుంది. ఆ కత్తిని ఊపేది కూడా లంకెయే. దాని కీలు అరిగితే చప్పుడు మారుతుంది. పనివారు చెవితో పసిగట్టగలరు.

2. విద్యుత్కేంద్రంలోని లంకె:
కడప జిల్లా కలమళ్ల వద్దనున్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. ఇటువంటి బొగ్గు ఆధారిత కేంద్రాలలో ఒక ఫ్యాను బాయిలరులోకి గాలిని నెడుతుంది. మరొకటి పొగవాయువును చిమ్నీ వైపు లాగుతుంది. ఈ రెండింటి సమతుల్యం వల్లనే కొలిమిలోని పీడనం బయటి వాతావరణ పీడనం కంటె కొద్దిగా తక్కువగా నిలుస్తుంది. గాలి పరిమాణాన్ని మార్చడానికి ఫ్యాను ముఖద్వారంలోని రెక్కలనో, ఫ్యాను రెక్కల కోణాన్నో తిప్పుతారు. తిప్పే శక్తి యాక్చుయేటరుది. దానిని రెక్కలకు చేర్చేది లంకె.

లంకె ఊడితే యాక్చుయేటరు కదిలినా రెక్కలు కదలవు. నియంత్రణ గదిలోని సూచిక యాక్చుయేటరు స్థానాన్ని మాత్రమే చూపేదైతే, అంకె మారుతుంది గాని గాలి మారదు. పీడనం అదుపు తప్పి యూనిట్ ఆగిపోవచ్చు. తీవ్రమైతే కొలిమి గోడలకే ముప్పు. మగ్గంలో కాలు, జిన్నింగులో చెవి చేసే పనిని ఇక్కడ చేసేవారు లేరు. పనిచేసే మనిషి యంత్రానికి ఎంత దూరమైతే, క్రమబద్ధమైన పరిశీలన అంత అవసరమవుతుంది.

3. వైఫల్య కారణాలు:
పొగవాయువులోని బూడిద కీళ్లలో చేరి పిన్నులను అరగదీస్తుంది. వేడికి గ్రీజు ఎండి కీలు బిగుసుకుపోతుంది. అదురుకు నట్లు వదులవుతాయి. కడ్డీలు ఒకే వరుసలో లేకపోతే వంగుడు బలం పదేపదే పడి లోహం అలసి, పగులు పుడుతుంది. ఒక కీలు బిగుసుకుంటే దాని భారం పక్క కీలుపై పడుతుంది. కనుక విరిగిన భాగమే దోషి అనుకోవడం పొరపాటు.

4. నివారణ మార్గాలు:
(అ) యూనిట్ ఆగిన ప్రతిసారీ యాక్చుయేటరును పూర్తిగా తెరిచి, మూసి, రెక్కల అసలు స్థానాన్ని స్కేలుతో పోల్చాలి.
(ఆ) కీళ్లలోని వదులును కొలిచి నమోదు చేయాలి. పరిమితి దాటిన పిన్నును విరగకముందే మార్చాలి.
(ఇ) నట్లకు లాక్‌నట్టు, పిన్నులకు స్ప్లిట్‌పిన్ను తప్పనిసరి. నట్టు మీదుగా రంగు గీత గీస్తే, అది తిరిగినప్పుడు గీత తప్పి కంటికి తెలుస్తుంది.
(ఈ) నడుస్తున్న ఫ్యానులో ఆదేశానికి తగినట్లు మోటారు కరెంటు మారుతున్నదో లేదో గమనించాలి. ఆదేశం మారినా కరెంటు మారకపోతే లంకెను అనుమానించాలి.
(ఉ) విద్యుత్తును పూర్తిగా వేరుచేసి, తాళం వేసి, అనుమతిపత్రం పొందిన తరువాతనే లంకెపై చేయి వేయాలి.

5. భాషాపరమైన అవసరం:
ఒక షిఫ్టు పుస్తకంలో ‘లింకు లూజు’ అని మాత్రమే రాస్తే తరువాతి షిఫ్టు వారికి ఏ కీలో, ఎంత వదులో తెలియదు. భాగానికి స్థిరమైన పేరు లేనిచోట లోపానికి చిరునామా ఉండదు. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాల తరువాత, 1971లో చేనేత పదాలను గ్రంథస్థం చేసింది. అదే పద్ధతిలో మిల్లులలో, విద్యుత్కేంద్రాలలో కార్మికులు వాడే పదాలనూ క్షేత్రపర్యటన ద్వారా సేకరించవచ్చు.

6. ముగింపు:
లంకె చిన్న భాగమే అయినా దాని వైఫల్యం మొత్తం వ్యవస్థను నిలిపివేయగలదు. వదులును కొలవడం, అసలు కదలికను కంటితో పోల్చడం, చూసినదాన్ని స్పష్టమైన పేరుతో నమోదు చేయడం దీని నివారణకు మూలసూత్రాలు. వీటిలో మూడవది సాంకేతిక నిపుణులకు ఎంత చెందుతుందో, తెలుగు భాషా పరిశోధకులకూ అంతే చెందుతుంది.