పసితలలోని గొట్టానికి క్రిమి సోకితే...

నెలల బిడ్డకు తల అదే పనిగా పెరుగుతూ, మాడు ఉబ్బి, కనుపాపలు కిందికి వాలిపోతుంటే తలలో నీరు చేరుతోందని అనుమానించాలి. వైద్యులు దీనిని హైడ్రోసెఫలస్ అంటారు. మెదడులో నిత్యం ఊరే నీరు సరిగా ఇంకిపోక నిలిచిపోవడమే ఈ జబ్బు.

దీనికి ఎక్కువగా చేసే చికిత్స షంట్ అమర్చడం. ఈ సన్నని సిలికాన్ గొట్టానికి ఒక కొస మెదడు గదిలో, మరో కొస కడుపులో ఉంటాయి. మధ్యలోని కవాటం నీటిని ఒకవైపే పోనిస్తుంది. 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అనే సాంకేతిక నిపుణుడు, ఇదే జబ్బున్న తన కొడుకు కోసం ఇలాంటి కవాటాన్ని రూపొందించాడు.

ప్రాణం నిలిపే ఈ గొట్టమే ఒక్కోసారి క్రిములకు నెలవవుతుంది. సాధారణంగా చర్మంపై ఉండే స్టాఫిలోకాకస్ క్రిములు ఆపరేషన్ వేళ లోపలికి చేరి, తొలి నెలల్లోనే బయటపడతాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ముప్పు మరింత ఎక్కువ.

అరుదైనవి మరికొన్ని ఉన్నాయి. కడుపులోని కొస పేగును తొలిస్తే ఇ.కోలి వంటి పేగు క్రిములు గొట్టం వెంట మెదడుకు పాకుతాయి. గొట్టం మలద్వారంలోంచి బయటికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటప్పుడు దానిని ఇంట్లో లాగరాదు. క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే క్రిమిది మరో తీరు. జ్వరం పెద్దగా ఉండదు. పరీక్షలో అది పెరిగి కనిపించడానికి రెండు వారాలు కూడా పట్టవచ్చు.

మందులతోనే ఎందుకు నయం కాదు? క్రిములు గొట్టం గోడకు జిగురు పొర అల్లుకుని దాగుతాయి. మందు వాటిని చంపలేదు. అందుకే సాధారణంగా పాత గొట్టం తీసి, నీటిని తాత్కాలికంగా బయటి సంచిలోకి మళ్లించి, నరానికి మందులెక్కించి, నీరు శుభ్రపడ్డాకే కొత్తది అమర్చుతారు.

నివారణకూ దారి దొరికింది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో సుమారు 1,600 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మామూలు గొట్టాలు అమర్చినవారిలో 6 శాతం మందికి, యాంటీబయాటిక్ పట్టించిన గొట్టాలు అమర్చినవారిలో 2 శాతం మందికి క్రిమి సోకింది.

షంట్ ఉన్న బిడ్డకు జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం, ఎడతెగని మగత, గొట్టం వెంట ఎరుపు, మాడు ఉబ్బు - వీటిలో ఏది కనిపించినా పళ్లొస్తున్నాయనో, దిష్టి తగిలిందనో ఊరుకోరాదు. ఆపరేషన్ కాగితాలతో వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యం చూపును, తెలివిని, ఒక్కోసారి ప్రాణాన్నే బలిగొంటుంది.