గంజియు, అయొడినును, ఉప్పు పరీక్షయు

చల్లారిన గంజిలో అయొడిన్ చుక్క వేసినచో ముదురు నీలిరంగు కనబడును. పిండిపదార్థపు నిర్మాణమే ఇందులకు కారణము.

పిండిపదార్థమున రెండు భాగములు కలవు. అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలు గలది. అమైలోజు కొమ్మలు దాదాపుగా లేని పొడవైన గొలుసు. ఇది చుట్టకు ఆరేసి గ్లూకోజు తునకలతో మెలితిరిగి, నడుమ సన్నని గొట్టము నేర్పరచును. ఆ గొట్టపు లోపలితలమునకు నీటితో పొత్తు లేదు. కావున నీటికి దూరమగు పదార్థములు అందు చొచ్చును. అయొడిన్ చొచ్చినచో నీలము పుట్టును. కొవ్వు తోకలను అతికించిన సెల్యులోజును అమైలోజుతో కలిపినచో, ఆ తోకలు చుట్టలలో చిక్కి, ద్రవము జున్నువలె గట్టిపడును.

ఉప్పు పరీక్షకును ఈ ధర్మమే ఆధారము. మన దేశపు ఉప్పులో అయొడిన్ సాధారణముగా పొటాషియం అయొడేటు రూపమున నుండును. వట్టి గంజి దానిని చూపజాలదు. పరీక్షాద్రవములోని ఆమ్లమును, అయొడైడును దానిని అయొడినుగా మార్చిన పిమ్మటనే గంజి నీలమగును. క్షారగుణము గల ఉప్పులో ఈ రంగు రాకపోవచ్చును; అప్పుడు పునఃపరీక్ష అవసరము.

పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ కావలెను. గర్భిణులకు ఇంకను అధికము. ఇది లోపించినచో గలగండము కలుగును. గర్భిణికి మిక్కిలి లోపించినచో శిశువు మెదడు ఎదుగుదల కుంటుపడును. ఆ నష్టము పిదప తీరునది కాదు. ఇందువలననే భారతదేశమున గలగండ నివారణ కార్యక్రమము 1962లో ఆరంభమైనది.

గృహిణులు అయొడిన్ కలిపిన ఉప్పునే కొని, మూతగల పాత్రలో తడి తగలకుండ నుంచవలెను.